ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఇంకా అవసరమా? పైగా ఎండల్లో జీపీయూ యూనిట్లు ఫెయిలవుతున్నాయి

ఉప్పల్_రిగ్:

మెషీన్ వివరాలు ముందే ఇస్తున్నాను. రైజెన్ 5 5600, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 550 వాట్ల పవర్ సప్లై, ఉబుంటు 22.04, ఫోల్డింగ్ ఎట్ హోమ్ (ప్రోటీన్లు మడత పడే తీరును వలంటీర్ల ఇంటి కంప్యూటర్ల మీద సిమ్యులేట్ చేసే ప్రాజెక్ట్) 8.4 క్లయింట్. గది పై అంతస్తులో ఉంది, స్లాబ్ వేడి రాత్రి పన్నెండు దాకా దిగదు. రాత్రి 10కి మొదలుపెట్టి పొద్దున 6కి పాజ్ కొడుతున్నాను. ఒక్కో జీపీయూ యూనిట్‌కి, అంటే సర్వర్ పంపే ఒక్కో పని ముక్కకి, సుమారు 3 గంటల 20 నిమిషాలు పడుతోంది.

నాలుగు సందేహాలు. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలు ఇచ్చేసింది కదా, ఇక ఈ సిమ్యులేషన్లతో పనేముంది? రెండోది, మూడు నాలుగు రోజులకోసారి లాగ్‌లో పార్టికల్ కోఆర్డినేట్ నాన్ (అంకె కాని విలువ) అయిందని ఎర్రర్ వచ్చి యూనిట్ పోతోంది. మెమరీ క్లాక్ 800 మెగాహెర్ట్జ్ పెంచి ఉంది, గేమ్స్‌లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మూడోది, బోనస్ కోసం ఇచ్చే పాస్‌కీ పెట్టినా కొన్ని యూనిట్లకు పాయింట్లు సగం కూడా రావట్లేదు. నాలుగోది కరెంటు: నెలకు ఎన్ని యూనిట్లు కాలుతుందో లెక్క కావాలి. కరెంటు పోతే 1 కేవీఏ ఇన్వర్టర్ మీద నడపొచ్చా?

హబ్సిగూడ_బయో:

మొదటి సందేహం వరకు నేను చెప్తాను.

ప్రోటీన్ అంటే 20 రకాల ఎమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి గుచ్చిన దండ. ప్రతి ఆమ్లం దగ్గర వెన్నుగొలుసు రెండు చోట్ల తిరగగలదు. ఆ రెండు కోణాలకే ఫై, సై అని పేర్లు. పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఏ ఏ కోణాలు సాధ్యమో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ లెక్కగట్టి పటం గీశారు. ఈ రోజుకీ ఏ ప్రోటీన్ నమూనా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ముందు ఆ పటం మీద పెట్టి చూస్తారు.

100 ఆమ్లాల దండలో ఒక్కోదానికి మూడే స్థితులు అనుకున్నా మొత్తం 3 ఘాతం 100. అంటే 5 పక్కన 47 సున్నాలు. ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటూ పోతే విశ్వం వయసు కూడా చాలదు. నిజం ప్రోటీన్లు మాత్రం మైక్రోసెకన్ల నుంచి కొన్ని సెకన్లలో మడత పడతాయి. 1969లో లెవింథాల్ ఎత్తి చూపిన చిక్కు ఇదే. జవాబు ఏమిటంటే, ప్రోటీన్ గుడ్డిగా వెతకదు. ప్రతి చిన్న మడతా శక్తిని కాస్త తగ్గిస్తుంది, తర్వాతి మడతకు దారి ఇస్తుంది. వాన నీళ్ళు కొండ మీద ఎక్కడ పడ్డా పల్లానికే చేరినట్టు.

ఆ పల్లం ఎక్కడిది? ఎక్కువ భాగం నీళ్ళ వల్ల. పప్పుచారు మీద తాలింపు నూనె చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం చూసే ఉంటారు. నూనెకు నూనె మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. నూనె చుట్టూ ఉన్న నీటి అణువులు బిగుసుకుని వరుసలో నిలబడాల్సి వస్తుంది, చుక్కలు కలిస్తే ఆ ఉపరితలం తగ్గి నీళ్ళకు స్వేచ్ఛ వస్తుంది. ప్రోటీన్‌లోనూ అంతే, నీళ్ళు గిట్టని ఆమ్లాలు లోపలికి ముడుచుకుంటాయి, గిట్టేవి బయట మిగులుతాయి. ఆ తర్వాత హైడ్రోజన్ బంధాలు, ఉప్పు వంతెనలు, కొన్నిట్లో గంధకం బంధాలు దాన్ని బిగిస్తాయి. అన్నీ కూడికలు తీసివేతలు అయ్యాక మిగిలే స్థిరత్వం మామూలుగా మోల్‌కి 5 నుంచి 15 కిలో క్యాలరీలు. ఇది కొన్ని హైడ్రోజన్ బంధాల విలువ మాత్రమే. అందుకే వేడికి, పులుపుకి ఇంత తేలిగ్గా విడిపోతాయి.

ఆకారానికి కావలసిన సమాచారమంతా ఆ వరుసలోనే ఉందని చూపింది ఆన్‌ఫిన్సన్. 124 ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ని 8 మోలార్ యూరియాలో పూర్తిగా విప్పేసి, నాలుగు గంధకం బంధాలనూ తెంచేసి, మళ్ళీ యూరియా తీసేస్తే అది దానంతటదే పూర్వరూపానికి వచ్చి పనిచేసింది. ఆ గంధకం బంధాలు కట్టే ఎనిమిది సిస్టీన్ ఆమ్లాలు జతకట్టడానికి 105 మార్గాలున్నాయి, అది సరైన ఒక్కదాన్నే పట్టుకుంది. 1972 నోబెల్ ఈ పనికే. ఉడికిన గుడ్డు వెనక్కి రాదు కదా అంటారేమో. అక్కడ విప్పుకున్న గొలుసులు కిక్కిరిసి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణంలో ఈ ప్రమాదం రోజూ ఉంటుంది కాబట్టే చాపెరాన్లు అనే కాపలా ప్రోటీన్లున్నాయి. కంటి కటకంలోని ఆల్ఫా క్రిస్టలిన్ అలాంటిదే, దాని మీద మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి పని జరిగింది. కటకం మధ్యలోని ప్రోటీన్ల స్థానంలో జీవితాంతం కొత్తవి రావు, ఆ కాపలా చాలనప్పుడు ఉన్నవే ముద్దకట్టి శుక్లాలు వస్తాయి.

ఇక ఆల్ఫాఫోల్డ్. అది తేల్చేది చివరి ఆకారం. ప్రయోగాలతో తేలిన ఆకారాలు, బంధువైన జీవుల్లోని వరుసల పోలికలు చూసి నేర్చుకుని, ఈ వరుస చివరికి ఇలా ఉంటుందని చెప్తుంది. చాలాసార్లు అద్భుతంగా చెప్తుంది, 2024 రసాయన నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన హసాబిస్, జంపర్‌లకు ఇచ్చింది అందుకే. మిగతా సగం కొత్త ప్రోటీన్ల రూపకల్పనకు డేవిడ్ బేకర్‌కు వెళ్ళింది, ఇలాంటి ఇంకో వలంటీర్ ప్రాజెక్ట్ రోసెట్టా ఎట్ హోమ్ ఆయన ల్యాబ్‌దే. కానీ ఆ ఆకారం ఎంతసేపట్లో వచ్చింది, దారిలో ఎక్కడ ఆగింది, ఏ మార్పు వల్ల తప్పుదారి పట్టింది, వచ్చాక ఎలా కదులుతోంది అన్నవి ఒక్క బొమ్మలో ఉండవు. ప్రోటీన్ స్థిరంగా కూర్చోదు. తలుపు తెరిచి మూసినట్టు కొన్ని గుంటలు క్షణకాలం తెరుచుకుంటాయి, మందు అణువు పట్టేది అక్కడైతే మామూలు బొమ్మలో ఆ చోటే కనపడదు. 2020లో వలంటీర్ల మెషీన్ల మీద కరోనా వైరస్ ప్రోటీన్లను మొత్తం కలిపి 0.1 సెకను పాటు సిమ్యులేట్ చేశారు. వైరస్ మీది స్పైక్ ప్రోటీన్ ఎంత విపరీతంగా తెరుచుకుంటుందో, ఇలాంటి దాగిన గుంటలు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులోంచి తేలి 2021లో నేచర్ కెమిస్ట్రీలో వచ్చింది.

0.1 సెకనా అనిపిస్తుంది. ఆ అంకె ఎంత పెద్దదో సిమ్యులేషన్ తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

ఫెమ్టో_గచ్చిబౌలి:

చెప్తాను, ఉప్పల్ గారి మూడో సందేహానికి జవాబు కూడా అక్కడే ఉంది.

సిమ్యులేషన్‌లో ప్రతి పరమాణువు మీద మిగతావాటి బలం లెక్కగట్టి, న్యూటన్ సూత్రంతో కొంచెం ముందుకు జరుపుతారు. ఆ కొంచెం ఎంత అన్నదే అసలు సంగతి. హైడ్రోజన్‌ని పక్క పరమాణువుతో కలిపే రసాయన బంధం ఒకసారి ఊగడానికి సుమారు 10 ఫెమ్టోసెకన్లు పడుతుంది (ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు). అడుగు దానికంటే బాగా చిన్నదిగా ఉండాలి, లేకపోతే లెక్క పేలిపోతుంది. అలాంటి బంధాల పొడవు బిగించేసి 2 ఫెమ్టోసెకన్లు వాడతారు, హైడ్రోజన్ బరువు కృత్రిమంగా పెంచితే 4 దాకా పోవచ్చు. 2 చొప్పున వేసుకుంటే ఒక మైక్రోసెకనుకు 50 కోట్ల అడుగులు, ఒక మిల్లీసెకనుకు 50,000 కోట్ల అడుగులు. 0.1 సెకను అంటే అలాంటి మిల్లీసెకన్లు 100. ప్రతి అడుగులోనూ వేల నుంచి లక్షల పరమాణువులు, వాటిలో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న నీళ్ళే. నీళ్ళను వదిలేద్దామంటే పైన చెప్పిన తాలింపు నూనె సంగతే పోతుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. రెండో అడుగు మొదటిదాని ఫలితం మీద ఆధారపడుతుంది. ఒకే సిమ్యులేషన్‌ని కాలంలో ముక్కలు చేసి వెయ్యి మందికి పంచలేం. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో విజయ్ పాండే బృందం మొదలుపెట్టిన ఉపాయం వేరు. మడత పడడం అరుదైన ఘటన, ఎక్కువ సమయం ఎదురుచూపే, జరిగేటప్పుడు చప్పున జరిగిపోతుంది. సగటున 10 మైక్రోసెకన్లకు మడత పడే ప్రోటీన్‌ని 100 నానోసెకన్ల చొప్పున 1,000 చోట్ల నడిపితే ఒక్కో చోట సుమారు నూటికి ఒక అవకాశం, మొత్తం మీద ఓ పది మడతలు కంటపడతాయి. ఘటన జరగడానికి పట్టే కనీస సమయం కంటే మాత్రం ఒక్కో పరుగు పొడవుగా ఉండాలి.

తర్వాత్తర్వాత దీన్ని మార్కోవ్ నమూనాలుగా పెంచారు. మియాపూర్‌లో ఎక్కినవాళ్ళు ఎల్బీనగర్‌కి ఎంతసేపట్లో, ఎంతమంది చేరతారో తెలియాలనుకోండి. ఒక్కో మనిషి వెంట చివరిదాకా వెళ్ళక్కర్లేదు. మియాపూర్ నుంచి కూకట్‌పల్లి, అమీర్‌పేట నుంచి నాంపల్లి, ఇలా ప్రతి ముక్కలోనూ తగినంత మందిని లెక్కపెడితే మొత్తం ప్రయాణం కూడగట్టొచ్చు. షరతు ఒక్కటే, అమీర్‌పేటలో ఉన్నవాడు తర్వాత ఎటు పోతాడన్నది వాడు ఎక్కడి నుంచి వచ్చాడన్నదాని మీద ఆధారపడకూడదు. ప్రోటీన్ విషయంలో ఆ షరతు నిలబడేలా స్థితులను, వాటి మధ్య చూసే వ్యవధిని ఎంచుకోవడంలోనే పరిశోధకుల కష్టమంతా ఉంది.

మీ లాగ్‌లో ప్రాజెక్ట్ నంబర్ పక్కన రన్, క్లోన్, జెన్ అని మూడు అంకెలుంటాయి. రన్ అంటే మొదలుపెట్టిన ఆకారం. క్లోన్ అంటే అదే ఆకారం, తొలి వేగాలు వేరు. జెన్ అంటే ఆ పరుగులో ఎన్నో ముక్క. జెన్ 40 మీ దగ్గర ఉన్నంతసేపూ జెన్ 41 ప్రపంచంలో ఎవరికీ దొరకదు. మీరు పొద్దున 6కి పాజ్ కొట్టి రాత్రి 10కి మళ్ళీ నడిపితే ఆ పరుగు 16 గంటలు నిలిచిపోయినట్టే. టైమవుట్ (మొదటి గడువు) దాటితే సర్వర్ అదే ముక్కను ఇంకొకరికి ఇస్తుంది, అంటే ఒకే పనికి ఇద్దరి కరెంటు. తుది గడువు కూడా దాటితే మీకు క్రెడిట్టే రాదు.

పాయింట్లు అందుకే తగ్గాయి. త్వరగా ఇచ్చినందుకు వచ్చే బోనస్, గడువును పట్టిన సమయంతో భాగించగా వచ్చినదాని వర్గమూలంతో పెరుగుతుంది. 3 గంటల 20 నిమిషాల యూనిట్ 16 గంటలు ఆగితే 19 గంటల 20 నిమిషాలు అవుతుంది, అంటే 5.8 రెట్లు. దాని వర్గమూలం 2.4. కాబట్టి ఆ యూనిట్‌కి పాయింట్లు 2.4 వంతుల్లో ఒక వంతే. బోనస్ రావాలంటే పాస్‌కీతో 10 యూనిట్లు పూర్తవాలి, ఇచ్చిన యూనిట్లలో కనీసం 80 శాతం సక్రమంగా తిరిగి రావాలి. నాన్ ఎర్రర్లు ఇలాగే పెరిగితే ఆ 80 శాతం కూడా చేజారుతుంది, జాగ్రత్త.

పాజ్ వదిలేయండి, ఫినిష్ వాడండి. ఫినిష్ నొక్కితే ఉన్న యూనిట్ పూర్తి చేసి పంపేసి, కొత్తది తీసుకోకుండా ఆగుతుంది. 10కి బదులు 12కి మొదలుపెడితే 3.20కి ఒకటి, 6.40కి ఇంకొకటి పూర్తవుతాయి. 6కి లేవగానే ఫినిష్ నొక్కితే ఏదీ సగంలో మిగలదు. స్లాబ్ వేడి కూడా అప్పటికే దిగుతుంది.

పార్క్‌లేన్_బెంచ్:

నాన్ సంగతి. మెమరీ క్లాక్ పెంచింది ముందు వెనక్కి తీసేయండి అన్నా. ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

గేమ్‌లో ఒక బిట్ తప్పితే ఒక ఫ్రేమ్‌లో ఒక చుక్క రంగు మారుతుంది, కంటికి అందేలోపు తర్వాతి ఫ్రేమ్ వస్తుంది. ఇక్కడ తప్పిన అంకె తర్వాతి అడుగుకు పెట్టుబడి. రెండు పరమాణువులు ఉండాల్సినదానికంటే దగ్గరికొస్తే వికర్షణ దూరం తగ్గినకొద్దీ 12వ ఘాతంలో పెరుగుతుంది. ఆ బలానికి పరమాణువు ఒక్క అడుగులో పెట్టె దాటి ఎగిరిపోతుంది, ఇక లెక్కలో అంకె ఉండదు, నాన్ ఉంటుంది. ప్రోగ్రాం చివరి చెక్‌పాయింట్ (మధ్యమధ్యలో దాచుకున్న స్థితి) నుంచి మళ్ళీ ప్రయత్నిస్తుంది, పదేపదే అలాగే అయితే యూనిట్‌ని చెడిందని పంపేస్తుంది.

వరుసగా ఇలా చేయండి. కోర్, మెమరీ రెండూ ఫ్యాక్టరీ క్లాక్‌కి తెచ్చి నాలుగు రాత్రులు చూడండి. అప్పటికీ వస్తే కార్డు కంపెనీ వాళ్ళే క్లాక్ పెంచి అమ్మిన మోడలేమో చూసి, కోర్‌ని 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తగ్గించండి. తర్వాత పవర్ లిమిట్. 3060కి 170 వాట్లు మామూలు, ఎన్విడియా ఎస్ఎంఐ కమాండ్‌తో పీఎల్ ఆప్షన్ ఇచ్చి 120కి దించండి. రీబూట్ అయితే పోతుంది కాబట్టి సిస్టమ్‌డీ సర్వీసులో పెట్టుకోవాలి. వాట్లు 30 శాతం తగ్గుతాయి, వేగం అంత తగ్గదు. చివరి 20, 30 వాట్లు కొద్దిపాటి మెగాహెర్ట్జ్ కోసమే పోతుంటాయి. ఎండాకాలానికి దీన్ని మించిన మందు లేదు.

యూనిట్ ఫెయిలైన ప్రతిసారీ తప్పు మీదే అనుకోకండి. ప్రాజెక్ట్, రన్, క్లోన్, జెన్ అంకెలు తీసుకుని వాళ్ళ సైట్‌లో ఆ యూనిట్ స్థితి చూడండి. ఇంకో ఇద్దరి దగ్గర కూడా అదే పడిపోయి ఉంటే యూనిట్‌లోనే లోపం. మీ దగ్గర పడిపోయి వేరేవాళ్ళ దగ్గర పూర్తయితే మాత్రం లోపం మెషీన్‌దే.

కోర్ ఉష్ణోగ్రత 75 లోపు ఉంచండి. మన దగ్గర కట్టుబడి దుమ్ము ఎక్కువ, మార్చి నుంచి జూన్ దాకా నెలన్నరకోసారి బ్లోయర్‌తో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఊదినా 80 దాటుతుంటే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ షాపులోనైనా దొరుకుతుంది. గదిలో నీళ్ళ కూలర్ ఉంటే దాని గాలి నేరుగా క్యాబినెట్‌కి కొట్టనివ్వకండి. బోరు నీళ్ళ తుంపర్లలో ఉప్పులుంటాయి, ఫ్యాన్ ఆ తేమను లోపలికి లాగితే నీళ్ళు ఆరిపోయి తెల్లటి పొర బోర్డు మీద మిగులుతుంది. కూలర్ వాడేటప్పుడు ఎదుటి కిటికీ తెరిచి ఉంచి, మెషీన్‌ని పక్క గోడకు జరపండి.

ఇన్వర్టర్ మీద వద్దు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. మెషీన్ గోడ దగ్గర 220 వాట్లు తింటే, నష్టాలు పోను ఆరు గంటలైనా రాదు, ఆ లోపే బ్యాటరీ లోతుగా ఖాళీ అవుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎండల్లో రోజూ అలా పిండితే ఆయుష్షు వేగంగా తరుగుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లకు, లైట్లకు దాన్ని వదిలేయండి. హఠాత్తుగా ఆరిపోయినా యూనిట్ మొత్తం పోదు, చివరి చెక్‌పాయింట్ తర్వాతిది మాత్రమే పోతుంది. ఫైల్ సిస్టమ్ కోసం చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే పది నిమిషాల్లో సరిగ్గా షట్‌డౌన్ చేసుకోవచ్చు.

కరెంటు లెక్క: జీపీయూ 120, మిగతా మెషీన్ 70, సప్లై నష్టాలతో కలిపి 220 వాట్లు అనుకుందాం. రోజుకు ఏడున్నర గంటలు, 30 రోజులు: 49.5 యూనిట్లు. సీపీయూ కూడా కలిపి, జీపీయూని 170 దగ్గర వదిలేస్తే 320 వాట్లు, 72 యూనిట్లు. ఏసీ వేసుకుంటే మెషీన్ వదిలే వేడిని బయటికి నెట్టడానికి ఏసీ ఇంకో మూడో వంతు దాకా తింటుంది. మీ ఇంటికి గృహజ్యోతి ఉంటే 200 యూనిట్ల గీత ముఖ్యం, అది దాటిన నెల జీరో బిల్లు రాదు, మొత్తం కట్టాలి. మీటర్ రీడింగ్ తేదీ దగ్గరపడ్డప్పుడు చూసుకుని ఆపుకోండి.

ఉప్పల్_రిగ్:

క్లాకులు ఫ్యాక్టరీకి తెచ్చి, 120 వాట్లు పెట్టాను. యూనిట్‌కి ఇప్పుడు 3 గంటల 40 నిమిషాలు, ఉష్ణోగ్రత 66. ఆరు రాత్రుల్లో 12 యూనిట్లు, ఒక్క నాన్ లేదు. రెండు మిగిలాయి. నిన్న కెర్నల్ అప్‌డేట్ తర్వాత క్లయింట్‌లో జీపీయూ కనపడట్లేదు. సీపీయూ కూడా ఇవ్వాలనుంటే 11 థ్రెడ్లు ఇచ్చి ఒకటి మిగుల్చుకుంటే చాలా?

ఫెమ్టో_గచ్చిబౌలి:

జీపీయూ ముందు. ఎన్విడియా ఎస్ఎంఐ కమాండ్ కొట్టండి. కార్డు కనపడకపోతే కొత్త కెర్నల్‌కి డ్రైవర్ మాడ్యూల్ తయారవలేదు, కెర్నల్ హెడర్లు వేసి డ్రైవర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయండి. కార్డు కనపడి క్లయింట్‌కి మాత్రం కనపడకపోతే ఓపెన్‌సీఎల్ లోడర్ ప్యాకేజీ ఉందో, క్లయింట్ నడిచే యూజర్ వీడియో, రెండర్ గ్రూపుల్లో ఉన్నాడో చూసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. అవన్నీ సరిగ్గా ఉంటే చివరగా వెబ్ కంట్రోల్‌లో మెషీన్ సెట్టింగ్స్ తెరిచి జీపీయూ పక్కన టిక్ ఉందో చూడండి.

సీపీయూకి 11 వద్దండి. సీపీయూ యూనిట్లు గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాంతో నడుస్తాయి, అది నీటి పెట్టెను గళ్ళుగా విడగొట్టి ఒక్కో థ్రెడ్‌కి పంచుతుంది. 11, 7 లాంటి పెద్ద ప్రధాన సంఖ్యలను గళ్ళుగా విడగొట్టడం కుదరదు. కొన్ని యూనిట్లు మొదలవగానే పడిపోతాయి, కొన్ని తక్కువ థ్రెడ్లకు దిగి నడుస్తాయి. 8 ఇవ్వండి. జీపీయూకి డేటా అందించడానికి ఒక థ్రెడ్ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, లేకపోతే సీపీయూ వల్ల వచ్చేదానికంటే జీపీయూలో పోయేదే ఎక్కువ. నన్నడిగితే జూన్ వానలు పడేదాకా సీపీయూ ఆపే ఉంచండి. ఆరు కోర్లు వదిలే వేడి జీపీయూ ఫ్యాన్‌కే తగులుతుంది.

సీపీయూని ఊరికే ఉంచడం ఇష్టం లేకపోతే ఇలాంటి ప్రాజెక్టులను నడిపే బోయింక్ ప్రోగ్రాంలో రోసెట్టా ఎట్ హోమ్ చూడొచ్చు. అది సీపీయూ మీదే నడుస్తుంది. అక్కడ కాలంలో ముందుకు నడిపే పరుగు కాదు, యాదృచ్ఛికంగా ఆకారాలు మార్చి మార్చి స్కోరు తక్కువ వచ్చినవాటిని ఏరుకోవడం. ఒక ప్రయత్నానికి ఇంకోదానితో సంబంధం ఉండదు కాబట్టి మధ్యలో ఆపితే వెనక ఎవరూ ఎదురుచూడరు. ఏ గంటల్లో నడవాలో బోయింక్ సెట్టింగ్స్‌లోనే పెట్టుకోవచ్చు. పని అన్నివేళలా దొరకదు, ఒక్కో టాస్క్ ర్యామ్ కూడా బాగా తింటుంది. 16 జీబీలో నాలుగు టాస్కులు మించనివ్వకండి.